డ్రమ్ము బోర్లించని సినిమా

సర్కారులో బాగా పైనున్న పెద్దమనిషి ఒకాయన సినిమా హాల్లో, సరిగ్గా ఇంటర్వెల్‌కి ముందు, గుండె పట్టుకున్నాడు. ఆసుపత్రిలో డాక్టరు ఆయన పొట్ట నొక్కి చూసి మిరపకాయ బజ్జీలన్నాడు. విచారణ సంఘం మాత్రం బజ్జీల మీద నేరం మోపడానికి ఒప్పుకోలేదు. బజ్జీలవాళ్లు రాష్ట్రమంతా ఉన్నారు, వాళ్లకి ఓట్లున్నాయి. కథలు రాసేవాళ్లు గుప్పెడుమంది, వాళ్లలో వాళ్లకే పడదు. అందుచేత ఆయన గుండె పట్టుకున్న క్షణాన తెర మీద ఏం జరుగుతోందో ఆరా తీశారు. హీరోయిన్ రైలెక్కుతుందా ఎక్కదా అన్నచోట ఉందట సినిమా. ఇంకేం, దోషి దొరికిపోయాడు.

రాష్ట్ర ప్రశాంత చలనచిత్ర సంస్థ అలా పుట్టింది. సర్కారు సొమ్ముతో తీసే ఏ సినిమాలోనూ 'తర్వాత ఏమవుతుంది' అన్న ప్రశ్న ప్రేక్షకుడి మనసులో పుట్టరాదన్నది దాని మొదటి నిబంధన. రెండో నిబంధన లేదు. మొదటిది పాటించాక ఇంకోటి అవసరమయ్యేంత సినిమా మిగలదు. సంస్థకి అధ్యక్షుడు పద్మాకరంగారు. ఆయన కింద ఉత్కంఠ నివారణాధికారి అని ఒక కొత్త ఉద్యోగం సృష్టించి, అందులో హేమసుందర్ అనే చురుకైనవాణ్ణి కూర్చోబెట్టారు. వీళ్లిద్దరి చూపూ తిరిగి తిరిగి కోటిపేట బ్యాండు మాస్టారు నూకరాజు మీద వాలింది, ఆయన బ్యాండు కథని సినిమాగా తీస్తామన్నారు.

నూకరాజు క్లారినెట్ ఊదుతాడు. బ్యాండు పేరు శ్రీ వీరభద్ర బ్రాస్ బ్యాండు. గడియారం సెంటర్లో మునిసిపాలిటీ వరసకొట్ల చివర మూలగది దానిది. గోడలకి బాకాలు, మేకుకి ఎర్రకోట్లు, మూల పెద్ద డ్రమ్ము. పెళ్లివారు వచ్చి బేరమాడుకునేది ఆ గదిలోనే. బాకాల మెరుపు చూసి, కోట్లు తడిమి, కొసరుకి ఇంకో పాట అడిగి వెళ్తారు. గది లేని బ్యాండుని ఎవరూ పిలవరు. కంటికి కనబడకుండా ఫోన్లో మాట్లాడుకోడానికి డీజేలున్నాయి. గది పోతే బ్యాండు పోయినట్టే. నూకరాజుకి ఈ సంగతి తెలుసు. మునిసిపల్ కమిషనరుకీ తెలుసు. కానీ ఆయనకి అక్కడ స్కూటర్లు పెట్టుకునే స్థలం కావాలి.

"ఈ గది మీది అనడానికి ఆధారం ఏమిటి?" అన్నాడు కమిషనరు.

"మా నాన్న గెలిచాడండి" అన్నాడు నూకరాజు.

నిజమే. కోటిపేటలో రెండు పెళ్లి ఊరేగింపులు ఎదురుపడితే దారి ఎవరిదన్నది పెళ్లివారు తేల్చుకోరు, బ్యాండ్లు తేల్చుకుంటాయి. ఒకరు వాయించిన పాట రెండోవాళ్లు వాయించకూడదు. పాటలు అయిపోయినవాడో, ఊపిరి అయిపోయినవాడో పెద్ద డ్రమ్ముని భుజం మీంచి దించి రోడ్డు మీద బోర్లా పడుకోబెట్టి పక్కకి తప్పుకుంటాడు. దాన్నే డ్రమ్ము బోర్లించడం అంటారు. వెనకటికి బజారు పెద్దలు ఈ మూలగది ఏ బ్యాండుకి ఇవ్వాలో తేల్చుకోలేక, ఎవరు డ్రమ్ము బోర్లించకుండా నిలబడితే వాళ్లదేనన్నారు. గడియారం సెంటర్లో ఒకవైపు నూకరాజు తండ్రి గంటయ్య మాస్టారు, రెండోవైపు సామ్యేలు మాస్టారు. ఎండెక్కేదాకా ఊదారు. గంటయ్య పెదవి చీలి క్లారినెట్ మీద నెత్తురు కారింది. చివరికి సామ్యేలు ఒక జోలపాట ఎత్తుకుని, సగంలో ఆపి, డ్రమ్ము దించాడు. ఊపిరి అయిపోయిందా, కావాలని దించాడా అని ఊరంతా అడిగింది. ఆయన చచ్చేదాకా చెప్పలేదు.

కమిషనరు అంతా విని చేతిగడియారం చూసుకున్నాడు. "కథలు మేం నమ్మం. అదే కథని ప్రభుత్వ సంస్థ సినిమాగా తీస్తే అది రికార్డవుతుంది. రికార్డుని నమ్ముతాం. సినిమా వచ్చేదాకా ఆగుతాను."

నూకరాజు ఇంటికెళ్లి క్లారినెట్‌కి కొబ్బరినూనె రాశాడు. సినిమాలో తండ్రి ఊదుతాడు, సామ్యేలు మాస్టారు డ్రమ్ము దించుతాడు, గది నిలబడుతుంది. అంత సంతోషం ఆయనకి తన పెళ్లిలో కూడా కలగలేదని భార్య తర్వాత చెప్పుకుంది.

*

కథ వినడానికి సంస్థ కార్యాలయంలో సభ పెట్టారు. ఒక పక్క పద్మాకరంగారు, హేమసుందర్, నోట్లో ఎప్పుడూ లవంగం పెట్టుకునే కుర్ర దర్శకుడు. రెండో పక్క బల్ల వారగా రిటైరైన ఉద్యోగులు కూర్చున్నారు. వీళ్లని నమూనా ప్రేక్షకులంటారు. ఒక్కొక్కరి వేలికి బట్టలు ఆరేసే క్లిప్పులాంటిది తగిలించి, ముందు ఒక బల్బు పెట్టారు. గుండె మామూలుగా కొట్టుకుంటే పచ్చ, కాస్త ఉలిక్కిపడితే ఎరుపు.

నూకరాజు మొదలెట్టాడు. "సామ్యేలు మాస్టారు అటునుంచి వచ్చి ఆగారండి. మా నాన్న ఇటునుంచి వచ్చి ఆగారండి. ఆయ్, సెంటరంతా నిశ్శబ్దం."

బల్బులన్నీ ఎర్రబడ్డాయి. ఒక ముసలాయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"ఆపండి" అన్నాడు హేమసుందర్. "ఇద్దరూ ఒకేచోట ఎందుకు ఆగారు?"

"ఎదురుపడ్డారు కదండి."

"ఎదురుపడకుండా చేసే అవకాశం పరిశీలించారా?"

పద్మాకరంగారు మంచిగా నచ్చజెప్పే మనిషి. "చూడండి నూకరాజుగారూ, ఒకరు గెలవాలంటే ఒకరు ఓడాలి. ఓడినవారికి క్షోభ. అది చూసినవారికి క్షోభ. ప్రజల సొమ్ముతో ప్రజలకే క్షోభ పంపిణీ చేయడం ఈ సంస్థ ఆశయాలకు విరుద్ధం. కావున ప్రత్యర్థి బ్యాండును సగౌరవంగా తొలగిస్తున్నాం."

"మరి మాకు గది ఎలా వచ్చిందని చూపిస్తారండి?"

"వచ్చింది అని చూపిస్తాం."

"ఎలాగండి?"

"'ఎలా' అన్నది కూడా ఉత్కంఠే" అన్నాడు హేమసుందర్, ఓపిగ్గా.

నూకరాజు, పోనీ పెదవి చీలి నెత్తురొచ్చిన ముక్కయినా ఉంచమన్నాడు. అది చెబుతుండగానే రెండు బల్బులు మాడిపోయాయి. ఇక్కడ దర్శకుడు తన ప్రతిభ చూపించాడు. "సార్, పెదవి మీద ఎరుపే కదా సమస్య. తెలుపు పెడదాం. మాస్టారు మజ్జిగ తాగి వచ్చాడు." సంస్థ మొత్తం ఆయన వైపు మెచ్చుకోలుగా చూసింది.

బయటికొస్తుంటే, కుర్చీ ముందుకి జరుపుకున్న ముసలాయన వేలికి క్లిప్పుతోనే నూకరాజుని మెట్ల దగ్గర పట్టుకున్నాడు. "బాబూ, ఆ జోలపాట ఎందుకు ఆపాడయ్యా?" అటెండరు వచ్చి ఆయన్ని లోపలికి తీసుకుపోయాడు.

*

ఈ సంగతి సామ్యేలు కొడుకు కృపారావుకి తెలిసింది. అతనిదీ బ్యాండే. చర్చి పక్కన రేకుల షెడ్డులో ఉంటుంది. అతను ట్రంపెట్ ఊదుతాడు, నూకరాజుని బావా అంటాడు, ఎదురుపడితే దెప్పకుండా వదలడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తిన్నగా సంస్థకి వెళ్లాడు. నూకరాజు వెంట ఉన్నాడు.

"మా నాన్న ఓడిపోయాడండి. ఆ ముక్క సినిమాలో ఉండాలి" అన్నాడు కృపారావు.

హేమసుందర్ ఇలాంటి అర్జీ ఎప్పుడూ చూడలేదు. "మీ మనోభావాలు దెబ్బతినకూడదనే తొలగించాం."

"దెబ్బ తిన్లేదండి."

"చూస్తే తింటాయి."

"చూడకపోతేనే తింటన్నాయండి. మా నాన్న ఓడిపోడం చూట్టానికి జనం కొట్ల పైకప్పులెక్కారు. గెలిచినోళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు, ఏం, మా బావ లేడా. అలా ఓడినోడు మా నాన్నొక్కడే. ఆయన్ని అసలు లేకండా చేసేత్తే రేపు నేనెవరి కొడుకునని చెప్పుకోమంటారు?"

హేమసుందర్ జాలిగా తలాడించి, పక్కనున్న గుమాస్తాకి చెప్పి రాయించాడు: అర్జీదారు ఉద్వేగానికి లోనైనారు, ఈ విషయమే క్షోభకరమనడానికి అర్జీదారే సాక్ష్యం, తొలగింపు సబబు.

బయట టీ కొట్టు దగ్గర ఇద్దరూ గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు.

"నీ బాబు గెలిచాడు, నీకు గదొచ్చింది. నా బాబు ఓడాడు, నాకు కథొచ్చింది" అన్నాడు కృపారావు. "రెంటికీ కలిపి ఒకే అగ్గిపుల్ల గీసేరు బావా ఈళ్లు. పొదుపైన మనుషులు."

"ఇంతకీ మీ నాన్న కావాలని దించాడా, ఊపిరాడకా?"

"నన్నడుగుతావేటి. నాకూ చెప్పలేదు. చెప్పేసుంటే ఈపాటికి మర్చిపోదుమేమో."

*

షూటింగు గడియారం సెంటర్లోనే జరిగింది. గంటయ్య మాస్టారి వేషం కట్టినవాడు మీసం దగ్గర్నుంచి అన్నీ పెట్టుకున్నాడు గానీ క్లారినెట్‌ని తిరగేసి పట్టుకున్నాడు. నూకరాజు వెళ్లి చెప్పాడు. తప్పు పట్టుకున్నవాడిని చూస్తే సరిగ్గా పట్టుకుంటాడా అన్న ఆత్రం పుడుతుందేమోనని దర్శకుడు సందేహించాడు. హేమసుందర్ ఆలోచించి, మొదటినుంచి చివరిదాకా తిరగేసే పట్టుకుంటే ఆత్రానికి తావుండదని తేల్చాడు. అలాగే పట్టుకున్నాడు.

బ్యాండు అటునుంచి వస్తుంది. ఎదురుగా ఎవరూ రారు. బ్యాండు ఇటు వెళ్లిపోతుంది. ఇది సినిమాకి గుండెకాయలాంటి ఘట్టం. నాలుగు కెమెరాలతో తీశారు.

డ్రమ్ము బోర్లించే చోట కొంచెం చిక్కొచ్చింది. ఓడడం లేదు కాబట్టి బోర్లించడానికి కారణం లేదు. ఊళ్లో ఆచారం కాబట్టి చూపించకుండా ఉండటానికీ లేదు. చివరికి, అడుగున రంగు వేయడానికి బోర్లించినట్టు తీశారు. రంగు ఆరేదాకా అందరూ దాని చుట్టూ కూర్చుని గది ఎవరిదీ కాదు, అందరిదీ అని పాట పాడతారు. ఆ పాట వింటూనే నూకరాజు కెమెరాకి అడ్డం వెళ్లాడు.

"ఆ మాట తీసెయ్యండి బాబూ. గది మాదండి. అదే కదండి అసలు సంగతి."

"'మాది' అంటే 'మీది కాదు' అనే అర్థం ధ్వనిస్తోంది" అన్నాడు హేమసుందర్. "అది సంఘర్షణ."

ఇక చివరగా మోత సంగతి. పెద్ద డ్రమ్ము మీద దెబ్బ పడేసరికి నమూనా ప్రేక్షకుల బల్బులు ఎర్రబడుతున్నాయి. బాకా ఎత్తితే ఇంకా ఎర్రబడుతున్నాయి. ప్రేక్షకుని హృదయ సంబంధిత ప్రయోజనాల దృష్ట్యా సినిమాలో బ్యాండు మోత యావత్తూ తీసేసి, బదులుగా ఏటిగాలి శబ్దం వేయించారు. బ్యాండు మీద తీసిన ఆ సినిమాలో బ్యాండు మోగదు. కోట్లు మాత్రం చాలా ఎర్రగా వచ్చాయి.

*

మొదటి ప్రదర్శన పగటి ఆటగా వేశారు. బొమ్మ పడిన కాసేపటికి, వేళ్లకి క్లిప్పులతో ముందు వరసలో కూర్చున్న నమూనా ప్రేక్షకులు నిద్రపోయారు. తర్వాత వెనక వరసలు. మర్యాద కోసం మేలుకుని ఉండాలని వచ్చిన కమిషనరు కూడా తల పక్కవాడి భుజం మీద వాల్చేశాడు. నూకరాజు ఒక్కడే తన తండ్రి మజ్జిగ తాగి, ఎవరికీ ఎదురుపడకుండా నడిచి వెళ్లిపోవడం చూస్తూ కూర్చున్నాడు. గదికోసం చూశాడు. గది వచ్చింది. ఎలా వచ్చిందో లేదు. పాట మాత్రం ఉంది.

దీపాలు వెలిగాక పద్మాకరంగారు వేదికెక్కి, తడిసిన కళ్లతో మాట్లాడారు. "ఇంతమంది పౌరులకు ఒకేసారి ఇంత గాఢమైన ప్రశాంతతను ఏ కళాఖండమైనా ఇచ్చిందా? ఒక్క బల్బు ఎర్రబడలేదు. ఇది కథపై సాధించిన విజయం." జనం లేచి చప్పట్లు కొట్టారు. లేపారు కాబట్టి కొట్టారు. సినిమాకి పతకం వచ్చింది. జిల్లా ఆసుపత్రివాళ్లు ఒక ప్రతి అడిగారు, మత్తు డాక్టరు సెలవులో ఉన్నాడట.

కమిషనరు మర్నాడే నూకరాజుని పిలిపించాడు. మొహం తేటగా ఉంది, బాగా నిద్రపోయినవాడి మొహం.

"సినిమా చూశాం. అందులో పోటీ లేదు. ప్రత్యర్థి లేడు. మీ నాన్నగారు ఎవరినీ గెలవలేదు. పైగా గది అందరిదీ అని మీవాళ్లే పాడారు."

"మావాళ్లు కాదండి, సినిమావాళ్లు."

"రికార్డులో మీవాళ్లే. మరో విషయం, మీకు ఏ కష్టమూ ఉన్నట్టు చిత్రంలో లేదు. లేని కష్టానికి ఉపశమనం ఇవ్వడం సాధ్యం కాదు." ఆయన గొంతులో నిజమైన విచారం ఉంది. స్కూటర్ల స్థలం ఆయనకీ పోయింది మరి. గదిని ప్రశాంత సంస్థ అడిగి పుచ్చుకుంది, సినిమా విజయానికి గుర్తుగా ప్రశాంత కేంద్రం పెట్టడానికి.

బాకాలు గోనెసంచుల్లో వేసుకుని బ్యాండువాళ్లు బయటికొచ్చారు. డ్రమ్ము వాయించే చిట్టెయ్య గుమ్మం దగ్గర నిలబడి, "ఇంక పెళ్లోళ్లు మనల్ని ఎక్కడ ఎతుక్కుంటారు మాస్టారూ?" అన్నాడు. నూకరాజు గోనెసంచి భుజానికెత్తుకుని అరుగు దిగాడు. గదిలో, తిరగేసిన క్లారినెట్ పట్టుకున్న నటుడి నిలువెత్తు బొమ్మ పెట్టి, సంస్థవాళ్లు కొత్త తాళం వేశారు.

*

కేంద్రం ప్రారంభానికి పద్మాకరంగారు పూలు కట్టిన జీపులో వస్తున్నారు. ముందు నడవడానికి నూకరాజు బ్యాండునే పిలిచారు. వాయించకూడదు. వాద్యాలు పట్టుకుని, బుగ్గలు పూరించి, నడవాలి. ఏటిగాలి శబ్దం మైకులో వస్తుంది. గది గుమ్మం ముందు ఒక్కసారైనా నిలబడొచ్చని నూకరాజు ఒప్పుకున్నాడు. లోపలికి చూద్దామన్న ఆశ కాదు. కాళ్లకి ఆ దారి అలవాటు.

గడియారం సెంటర్లోకి వచ్చేసరికి ఎదురుగా ఒక పెళ్లి ఊరేగింపు. దానిముందు కృపారావు బ్యాండు, సెంటరు అదిరేలా వాయిస్తూ. నూకరాజుని చూసి కృపారావు చెయ్యెత్తాడు. మోత ఆగింది.

"ఏం బావా, బుగ్గలు పూరించి తిరుగుతున్నావు, పన్ను పోటా?" అన్నాడు.

వెనక నుంచి హేమసుందర్ అరిచాడు. "సదరు పెళ్లివారు ఎడమకు, అధ్యక్షులవారి వాహనం కుడికి, ఏకకాలంలో సద్భావనతో తప్పుకోవలసింది."

చిట్టెయ్య నూకరాజు చెవిలో, "మాస్టారూ, తప్పుకుంటే డ్రమ్ము బోర్లించాలి" అన్నాడు.

నూకరాజు గది వంక చూశాడు. కిటికీలోంచి తిరగేసిన క్లారినెట్ కనబడింది. తన క్లారినెట్‌ని నోటికి పెట్టుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది కోటిపేటలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. నూకరాజు ఒక పాట ఎత్తితే కృపారావు దాని మెడలు వంచే పాట ఎత్తాడు. కొట్లవాళ్లు కొట్లొదిలేశారు. పైకప్పుల మీద మనుషులు. పెళ్లికొడుకు గుర్రం దిగి వచ్చి ముందు నిలబడ్డాడు, పెళ్లికూతురి తండ్రి ముహూర్తం సంగతి ఎత్తితే అతనే నోరు మూయించాడు. ఏటిగాలి మైకు పీక ఎవరో నొక్కేశారు. నూకరాజు పెదవి చిట్లింది. తుడుచుకోలేదు. ఏ పాటకాపాట, ఇక అయిపోతాడు అనుకున్నవాడల్లా ఇంకోటి తీస్తున్నాడు.

పద్మాకరంగారు జీపులో లేచి నిలబడ్డారు. పూలదండ నలిగిపోయేలా చేత్తో పట్టుకున్నారు. "ఎవరు గెలుస్తారయ్యా?" అన్నారు పక్కనున్న హేమసుందర్‌తో. ఆ ప్రశ్న ఆయన నోట్లోంచి వచ్చినట్టు ఆయనకి తెలీదు. హేమసుందర్ తన మణికట్టు మీద వేళ్లు పెట్టుకుని, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నాడు.

అప్పుడు కృపారావు జోలపాట ఎత్తుకున్నాడు. పైకప్పుల మీదున్న ముసలివాళ్లకి ఒళ్లు జలదరించింది. సగానికి వచ్చాడు. ఆపాడు. తన డ్రమ్మువాడి భుజం మీంచి పట్టీ తనే తీసి, పెద్ద డ్రమ్ముని రోడ్డు మీద బోర్లా పడుకోబెట్టి, పక్కకి తప్పుకున్నాడు.

సెంటరు కాసేపు ఊపిరి తీసుకోలేదు. తర్వాత లేచిన కేకల్లో జీపు తాలూకు పూలు రాలిపోయాయి. "ఉత్కంఠ నమోదైంది" అని హేమసుందర్ అధ్యక్షులవారిని కూర్చోబెట్టి, బండి వెనక్కి తిప్పించాడు. కూర్చోబెడుతుంటే పద్మాకరంగారు మెడ తిప్పి తిప్పి చూస్తూ, "కావాలని దించాడా? ఊపిరి అయిపోయిందా?" అని అడుగుతూనే ఉన్నారు.

నూకరాజు కూడా అదే అడిగాడు, జనం పల్చబడ్డాక. కృపారావు ట్రంపెట్లో తడి దులుపుకుంటూ నవ్వాడు. "మా నాన్న ఓడిపోయాడని ఇప్పుడు ఊరంతా చూసింది కదా. చాలు, ఇంటికెళ్లు."

*

అంత జరిగినా గది రాలేదు. రోడ్డు మీద జరిగింది రికార్డులో లేదన్నాడు కమిషనరు. సంస్థ ఒక ఉత్తర్వు తీసి, రాష్ట్రంలో బ్యాండ్లు ఒకే దిశలో నడవాలంది. నూకరాజువాళ్లు మూలగది అరుగు మీద, తాళం వేసిన తలుపుకి ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. పోటీ చూసిన పెళ్లివారు అరుగు మీదికే వచ్చి అడుగుతున్నారు, కానీ వానాకాలం మొదలైతే బాకాలు ఎక్కడ పెట్టాలన్నది చిట్టెయ్య దిగులు.

ఒక మధ్యాహ్నం జీపు లేకుండా, ఆటోలో, పద్మాకరంగారు దిగారు. కళ్ల కింద నలుపు. గడ్డం గీసుకోలేదు.

"అతను కావాలని ఓడాడా, నిజంగా ఓడాడా?" అన్నారు, నమస్కారం కూడా లేకుండా.

నూకరాజు బీడీ ఆర్పి లేచాడు. "కూర్చోండి బాబూ."

"కూర్చోలేను. నిద్రపట్టి ఎన్నాళ్లయిందో. కళ్లు మూస్తే ఆ డ్రమ్ము. దించుతున్నాడు, దించుతున్నాడు, ఎందుకు దించుతున్నాడు? హేమసుందర్‌ని పంపాను, కృపారావు మొహమ్మీదే తలుపేశాడట. మీకు చెప్పే ఉంటాడు. చెప్పండి."

నూకరాజు తను ఆనుకున్న తలుపు వంక, దాని తాళం వంక చూశాడు.

పద్మాకరంగారికి అది అర్థం కావడానికి ఉత్తర్వులేమీ అవసరం పడలేదు. జేబులోంచి తాళంచెవి తీశారు. కేంద్రాన్ని సంస్థ వదులుకుంటున్నట్టు, గది పాతవాళ్లదేనని, అక్కడే అరుగు మీద కూర్చుని రాసి సంతకం పెట్టిచ్చారు. చిట్టెయ్య తలుపు తీసి, తిరగేసిన క్లారినెట్‌వాణ్ణి నడుం పట్టుకుని బయటికి ఈడ్చి, గోడకి ఆన్చాడు. లోపల మేకులకి ఒక్కొక్క బాకా ఎక్కింది. ఎర్రకోట్లు ఎక్కాయి. డ్రమ్ము మూలలో దాని చోట అది కూర్చుంది. నూకరాజు అన్నీ సర్దడం అయ్యేదాకా నోరు విప్పలేదు. తర్వాత బయటికొచ్చాడు.

"ఇప్పుడు చెప్పండి" అన్నారు పద్మాకరంగారు.

"నాకూ తెలీదండి."

"అతను మీకు చెప్పలేదా?"

"సామ్యేలు మాస్టారి కొడుకండి. చెప్పడు."

పద్మాకరంగారు అరుగు మీద కూలబడ్డారు. గడియారం సెంటర్లో డ్రమ్ము బోర్లించిన చోటు వైపు చూశారు. ఆయన గొంతు చిన్నపిల్లవాడి గొంతులా అయింది.

"మరి నాకు నిద్రెలా పడుతుందండీ?"

నూకరాజు మనసులో కోపమేమీ లేకుండా, సాయం చేసే మనిషిలాగే ఆలోచించి చెప్పాడు.

"మీ సినిమా ఉంది కదండి."